సీలు వేసిన గదిలో పిట్ట

ఆ గదిలో పిట్ట లేదు. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, హెడ్మాస్టరు గారికి చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు పేజీలో "కంప్యూటర్ గదిలో పిట్ట ఇరుక్కుంటే వెళ్ళి తలుపు తీయించాను" అనే రాసుకున్నాను. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా అందులోనూ అబద్ధమే రాశాను.

అప్పుడు నేను జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే దారిలో ఒక ఊరి హైస్కూల్లో కాంట్రాక్టు మీద కంప్యూటర్ టీచరుగా పనిచేసేదాన్ని. మా ఇల్లు నందిగామలో. పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో బడికి వెళ్ళేదాన్ని. బడి ముందు రోడ్డు మీద రోజంతా సిమెంటు లారీలు తిరిగేవి. కిటికీలు మూసినా సరే, సాయంత్రానికి బల్లల మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము చేరేది. పదకొండు కంప్యూటర్లను ఆ దుమ్ము నుంచి కాపాడటమే నా ఉద్యోగంలో సగం.

ఆ గది నాకు ఇష్టం. స్టాఫ్ రూములో నలుగురి మధ్య కూర్చుని మాట్లాడటం నాకు చేతకాదు. ఎవరైనా ఏదైనా అడిగితే తలూపుతాను, లేకపోతే నవ్వుతాను. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే క్యారేజీ పట్టుకుని కంప్యూటర్ గదిలోకి వెళ్ళి, మూల బల్ల దగ్గర కూర్చుని, నందిగామ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం చదువుకుంటూ తినేదాన్ని. అక్కడికి వచ్చేది ఒక్క ఆయమ్మే. బడి ఊడ్చి, నీళ్ళు పట్టి, తాళాలు వేసే మనిషి. యాభై దాటిన వయసు. ఒకప్పుడు మిరపకోతలకు, పత్తి తీతకు వెళ్ళేదట. మోకాళ్ళు అరిగాక పొలం పని మానేసి ఈ పనిలో చేరింది. నేను చదువుతుంటే గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి, "మళ్ళీ పుస్తకమేనా మేడం? ఆ పప్పు కూడా చదివేస్తారేమో, ముందు తినండి" అనేది.

ఆ ముందు వేసవిలో పక్క మండలంలో ఒక బడిలో మానిటర్లు పోయాయి. సెలవులు అయిపోయి తలుపు తీస్తే బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఏ రోజు పోయాయో, ఎవరు తీసుకుపోయారో తెలియలేదు. తాళం చెవి ఆ బడి ఆయా దగ్గర ఉండేది కాబట్టి ఆమెను పనిలోంచి తీసేశారు. ఆమె తప్పు ఉందని ఎవరూ రుజువు చేయలేదు. లేదని ఎవరూ అనలేదు.

అందుకే మా హెడ్మాస్టరు గారు ఆ ఏడు సెలవులకు ముందు ఒక పద్ధతి పెట్టారు. తాళం చెవులు రెండే. ఒకటి ఆయన దగ్గర, ఒకటి గది ఇన్‌చార్జిగా నా దగ్గర. తలుపు రెక్కలు కలిసేచోట, తాళం మీదుగా, మైదా జిగురుతో ఒక తెల్లకాగితం అంటిస్తారు. దాని మీద ఐదుగురి సంతకాలు, బడి ముద్ర. సెలవులు అయ్యేదాకా దాన్ని ఎవరూ తీయకూడదు.

"ఆయమ్మా, నీకు తాళంతో పనిలేదు" అన్నారాయన. "రోజూ పొద్దున ఒకసారి ఈ కాగితం చూడు. బాగుందా, ఇంటికెళ్ళు. చిరిగిందా, నాకు ఫోన్ చెయ్. రేపు ఏదన్నా జరిగితే నీ మీదికి మాట రాకూడదు."

"చిరిగితే నన్నే గదండీ ముందు అడిగేది" అంది ఆయమ్మ.

"చిరగదులే" అన్నారు హెడ్మాస్టరు గారు.

సీలు వేసే రోజూ, అంతకు ముందు రోజూ నేనూ ఆయమ్మా ఆ గదిలోనే ఉన్నాం. మా అమ్మ పాత నూలు చీరలు చింపి, అంచులు కుట్టి తెచ్చిన ముసుగులు మానిటర్లకు తొడిగాం. కీబోర్డులు బోర్లించాం. కంప్యూటర్ల ప్లగ్గులన్నీ పీకి, వైర్లు ఎలుకలకు అందకుండా బల్లల పైకి చుట్టి పెట్టాం. గోడ కింద ఉన్న రెండు కన్నాలను స్కూలు కమిటీ చైర్మన్ గారు స్వయంగా సిమెంటుతో పూడ్చారు. ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇంతలో ఆయమ్మ ఎండబెట్టిన వేపాకు కొంగులో మూటగట్టి తెచ్చి, బియ్యం డబ్బాలో వేసినట్టు ఒక్కో సీపీయూ కింద గుప్పెడు పోసింది.

"దీనివల్ల ఏమవుద్ది ఆయమ్మా?" అన్నాను.

"పురుగు పట్టదు" అంది.

ఇక నేను చేసిన తప్పు. నాకు ఏదైనా చేసేముందు రాసుకునే అలవాటు. ఆఖరి రోజు ఏం చేయాలో వరసగా ముందురోజే గది రిజిస్టరు ఇంటికి తెచ్చుకుని అందులో రాసి పెట్టుకున్నాను. అన్నీ అయిపోయినట్టే రాశాను, మర్నాడు సంతకం ఒక్కటే పెడితే సరిపోతుందని. ప్లగ్గులు తీశాము. ముసుగులు వేశాము. కిటికీలు మూశాము. యూపీఎస్ ఆపాము. అక్షరాలు గుండ్రంగా, చూడముచ్చటగా వచ్చాయి. మర్నాడు అన్నీ చేశాను. ఆ చివరిదొక్కటి చేయలేదు. మైదా ఆరిపోతోంది, త్వరగా రమ్మని బయట నుంచి హెడ్మాస్టరు గారు పిలిచారు. రిజిస్టరు వైపు చూస్తే అన్నీ అయిపోయినట్టే ఉంది. సంతకం పెట్టి బయటికి వచ్చాను. ఆయన ఆకుపచ్చ సిరాతో, నేను నీలం జెల్ పెన్నుతో, చైర్మన్ గారు, ఇద్దరు మాస్టర్లు బాల్‌పెన్నుతో కాగితం మీద సంతకాలు చేశాం.

యూపీఎస్ అంటే, కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా బ్యాటరీల మీద నడిపే పెట్టె. గోడలోని తీగకు నేరుగా కలిపి, గది మూలన ఒక పాత చీర కింద ఉండేది. కరెంటు ఉన్నంతసేపు దాని నోట మాట ఉండదు. కరెంటు పోతే మాత్రం ఎవరైనా వచ్చి ఆపేదాకా, లేదా బ్యాటరీలు పూర్తిగా అయిపోయేదాకా, కూత పెడుతూనే ఉంటుంది.

మే నెల మధ్యలో ఒకరోజు సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. నందిగామలో మా వీధిలో మామిడికాయలు రోడ్డంతా దొర్లాయి. మర్నాడు పొద్దున నేను వాటిని ముక్కలు కోస్తుంటే ఫోన్ మోగింది.

"మేడమా? నేనండీ, ఆయమ్మని. మీ గదిలో పిట్ట పడిందండీ."

"పిట్టేంటి ఆయమ్మా?"

"నిన్న గాలొచ్చింది గదా. పైన సందులోంచి లోపలికి పోయినట్టుంది. పొద్దున కాయితం చూద్దామని వస్తే లోపల ఒకటే అరుపు. కీచుమంటది, ఆగుద్ది, మళ్ళీ కీచుమంటది. వినండి."

ఫోన్‌ను తలుపుకు ఆనించింది కాబోలు. నాకు వినపడింది. ఒక కూత. కొద్దిసేపు ఏమీ లేదు. మళ్ళీ అదే కూత. మళ్ళీ అంతే సేపు ఆగి, మళ్ళీ అదే. ఏ పిట్టా అంత కొలిచినట్టు అరవదు.

"అక్కడ కరెంటు ఉందా ఆయమ్మా?"

"యాడుందండీ! స్తంభం ఒరిగింది. బళ్ళోకొచ్చే తీగ తెగింది. రేపో ఎల్లుండో వస్తామన్నారు."

అది పిట్ట కాదు, యూపీఎస్, నేను ఆపడం మరిచిపోయాను అని ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. అంతకన్నా సులువైన మాట లేదు. కానీ "యూపీఎస్ ఆపాము" అని నా చేతిరాతతో రిజిస్టరులో ఉంది. కింద నా సంతకం ఉంది. సంవత్సరమంతా ఒక్క తప్పు లేకుండా, ఎవరి కంటా పడకుండా పనిచేసిన మనిషిని నేను. ఒక్కసారిగా అందరూ నా వైపు చూస్తారన్న ఊహకే చేతిలోని కత్తి పక్కన పెట్టి లేచాను.

"నేను వస్తున్నా" అన్నాను.

అమ్మతో కూడా పిట్ట అనే చెప్పాను. "పిట్ట కోసం ఈ ఎండలో జగ్గయ్యపేట దాకానా?" అని అమ్మ నా మొహంలోకి చూసింది గానీ ఆపలేదు. బస్సు చిల్లకల్లు దాటుతుండగా హెడ్మాస్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన కుటుంబంతో ఉత్తరాది యాత్రకు వెళ్ళారు. ఫోన్ అందుబాటులో లేదని వినిపించింది. మళ్ళీ చేయలేదు. ఆ ఒక్కసారి చేసినందుకే, నా వంతు నేను చేశాను అనుకుని కిటికీకి తలవాల్చాను. నా కంగారంతా బ్యాటరీల గురించే. కంప్యూటర్లేవీ నడవడం లేదు కాబట్టి నిన్నటి నుంచి అవి అయిపోకుండా నిలిచి ఉన్నాయి. రేపో ఎల్లుండో అన్నా, సెలవుల్లో బడి తీగ ఎప్పుడు కలుపుతారో నమ్మకం లేదు. పూర్తిగా ఖాళీ అయి, ఎండాకాలమంతా అలాగే పడి ఉంటే మళ్ళీ చార్జింగ్ ఎక్కవు. పిల్లలకు ఆ ఏడాదంతా కంప్యూటర్ క్లాసు లేనట్టే.

నేను వెళ్ళేసరికి ఆయమ్మ కంప్యూటర్ గది గుమ్మం ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన ఒక స్టీలు గిన్నెలో నీళ్ళు, ఇంకో గిన్నెలో నూకలు. తలుపు అవతల నుంచి ఆ కూత. ఫోన్‌లో విన్నదానికన్నా బాగా పలచబడింది, నిజంగానే దాహంతో ఉన్నదానిలా.

"చైర్మన్ గారింటికి పోయొచ్చా" అంది ఆయమ్మ. "డ్యూటీలో ఉన్నాడంట. ఫోను గేటు కాడే పెట్టిపోతారంట. నాలుగింటికి గానీ రాడంట."

"నాలుగు దాకా ఆగకూడదు ఆయమ్మా."

"అప్పటికి చచ్చిపోద్ది" అంది.

నేను తాళం చెవి సంచిలోంచి తీశాను. ఇద్దరం కాగితం వైపు చూశాం. ఐదు సంతకాలు, మధ్యలో గుండ్రటి ముద్ర.

"మేడం, ఒక మాటండీ" అంది ఆయమ్మ. లేవలేదు. మోకాళ్ళు రుద్దుకుంటూ చెప్పింది. "ఆ ఊరి ఆయమ్మనేం చేశారో మీకూ తెలుసు. ఈ కాయితం మీద చెయ్యేస్తే నా పనికి నీళ్ళొదులుకున్నట్టే. ఈ మోకాళ్ళతో నన్ను ఏ రైతు పిలవడు. ఇది పోతే నాకు ఇంకోటి లేదు."

"నేనే తీయించానని చెబుతా ఆయమ్మా."

ఆమె తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీరు చెబుతారా? టీ కావాలా అని అడిగితేనే తలకాయ ఊపుతారు గానీ నోరు తెరవరు. చైర్మన్ ముందు మీరు మాట్లాడతారా?"

నాకు సిగ్గేసింది. ఆమె అన్నది వెక్కిరింపే అయినా అబద్ధం కాదు. "చెబుతా" అన్నాను మళ్ళీ.

లోపల మళ్ళీ కూత. ఆయమ్మ తలుపు వైపు తిరిగింది. కొంచెంసేపు పెదాలు కదిలాయి. ప్రార్థన చేసుకుంటోందని తెలిసింది. తర్వాత గోడ పట్టుకుని లేచింది.

"ప్రాణం గదండీ" అంది. "కాయితమైతే మళ్ళీ రాసుకోవచ్చు. ఉండండి, చింపొద్దు. నేను ఊడదీస్తా."

ఎన్నికలప్పుడల్లా మా బడి గోడలకు అంటించిన కాగితాలన్నీ తర్వాత ఊడదీసేది ఆయమ్మే. తడిగుడ్డ అద్ది, ఒక మూల నుంచి గోరుతో నెమ్మదిగా లేపుతూ పోతే కాగితం చిరక్కుండా వస్తుంది. ఆ పని ఆమెకు బాగా తెలుసు. ఈ కాగితాన్నీ అలాగే తీసి, పని అయ్యాక మళ్ళీ అంటించేద్దామని మా ఇద్దరి ఆలోచన. తడిగుడ్డ అద్దింది. మైదా మెత్తబడింది. కాగితం ఎక్కడా చిరక్కుండా, చర్మంలా మెల్లగా లేచివచ్చింది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, "చూశారా?" అని సంతోషంగా నవ్వింది.

అప్పుడు చూశాం. హెడ్మాస్టరు గారి ఆకుపచ్చ సిరా కాగితమంతా పాకింది. ఆయన సంతకం నలిపిన ఆకులా తయారైంది. నా నీలం సంతకం సగం పోయింది. బాల్‌పెన్ను సంతకాలు మూడు మాత్రం ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. చింపి ఉంటే గాలికి చిరిగిందని ఎవరైనా అనుకునేవారేమో. ఇప్పుడు మాత్రం ఎవరో కావాలని, జాగ్రత్తగా, పని తెలిసి ఊడదీశారని కాగితమే చెబుతోంది.

ఆయమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ కాగితాన్ని వరండాలో నీడన పరిచి, ఎగరకుండా నాలుగు మూలలా గులకరాళ్ళు పెట్టి, "తియ్యండి తాళం" అంది.

గది లోపల వేడి ముఖానికి కొట్టింది. చీకటి. వేపాకు వాసన, తడి వాసన. ఆయమ్మ నీళ్ళ గిన్నె చేత్తో పట్టుకుని బీరువా పైన, కిటికీ రెక్కల వెనక వెతకసాగింది. "రా తల్లీ, రా" అంటోంది. నేను తిన్నగా మూలకు వెళ్ళి, చీర కింద చెయ్యి పెట్టి, బటన్‌ను నొక్కి పట్టుకున్నాను. ఒక్క పొడుగాటి కూత వచ్చి ఆగిపోయింది.

గదిలో ఏ చప్పుడూ లేదు. రోడ్డు మీద లారీ వెళ్ళడం వినపడింది. ఆయమ్మ గిన్నెతో అక్కడే నిలబడిపోయింది.

"ఏదండీ?" అంది.

"ఎగిరిపోయింది ఆయమ్మా. ఆ వెంటిలేటర్లోంచి."

ఆమె వెంటిలేటర్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను చీర సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

"పోన్లెండి" అంది. "బతికిపోయింది."

వెంటిలేటర్ కింద గోడ తడిసి ఉందని అప్పుడు గమనించాం. నిన్నటి వాన జల్లు అందులోంచి పడి, రెండు బల్లల మీది ముసుగులు తడిసి మానిటర్లకు అంటుకుపోయాయి. ముసుగులు తీసి ఎండలో వేసి, పొడి గుడ్డతో అంతా తుడిచి, బల్లలు రెండూ ఇవతలి గోడ దగ్గరికి లాగాం. ఆయమ్మ బడి వెనక పడున్న ఖాళీ సిమెంటు సంచులు దులిపి, మడిచి, వెంటిలేటర్లో కుక్కింది. నూకల గిన్నెను కిటికీ బయట పెట్టింది. తలుపు వేసి తాళం పెట్టాక, ఆమె ఇంటి నుంచి మైదా తెచ్చి ఉడికించి, ఆ కాగితాన్నే మళ్ళీ అంటించాం. అంటించాక కొంగుతో విసిరింది, ఆరితే మరక తగ్గుతుందేమోనని. తగ్గలేదు.

"దొంగలు కూడా ఇంత శుభ్రంగా చెయ్యరండీ" అంది.

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు.

ఆ తర్వాత మూడు వారాలు ప్రతి ఆదివారం, చర్చి అయ్యాక, ఆయమ్మ నాకు ఫోన్ చేసేది. "కాయితం అట్టాగే ఉందండీ. ఆ పచ్చమరకా అట్టాగే ఉంది" అని చెప్పి పెట్టేసేది. ఇంకేమీ అడిగేది కాదు. బడి తెరిచే రోజు ఏం చెబుతారని ఒక్కసారి కూడా అడగలేదు. నేను మాత్రం డైరీలో రోజూ రాసుకునేదాన్ని. "సార్, ఆ సీలు నేనే తీయించాను." "సార్, అందులో ఆయమ్మ తప్పు లేదు." ఎన్ని రకాలుగా రాసినా రాసేటప్పుడు బాగానే ఉండేది. గట్టిగా చదివి చూద్దామంటే పక్కగదిలో అమ్మ ఉండేది.

జూన్‌లో బడి తెరిచిన రోజు అందరం ఆ తలుపు ముందు నిలబడ్డాం. హెడ్మాస్టరు గారు, చైర్మన్ గారు, ఇద్దరు మాస్టర్లు, నేను. ఆయమ్మ స్తంభం పక్కన.

ముందు చూసింది చైర్మన్ గారే. "ఏంది సార్ ఇది? మీ సంతకం కారిపోయింది?"

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "వానకేమన్నా తడిసిందా?"

అంత మంచి దారి దానంతటదే తెరుచుకుంది. నేను ఊ అంటే చాలు. కానీ చైర్మన్ గారే వరండా పైకప్పు వైపు చెయ్యి చూపించారు. "ఇక్కడ వాన పడదు సార్. వానకైతే అన్నీ తడవాలి. ఇది ఊడదీసి అంటించిన కాయితం, జిగురు చూడండి రెండు పొరలుంది. ఏం ఆయమ్మా, రోజూ చూసేది నువ్వేగా?"

ఆయమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"చూడండి సార్, ఏం పలకట్లేదు. అక్కడా ఇట్టాగే అయింది. లెక్క తేలేదాకా ఈవిణ్ణి పనిలోంచి ఆపండి. తర్వాత సంగతి తర్వాత."

"నేనే తీయించానండి" అన్నాను.

ఎవరూ వినలేదు. రోడ్డు మీద లారీ పోతోంది. నా గొంతు నాకే వినపడలేదు. అది పోయేదాకా ఆగి మళ్ళీ అన్నాను. ఈసారి మరీ గట్టిగా వచ్చింది, అరిచినట్టు. "నేనేనండి! నేనే తీయించాను. ఆయమ్మ వద్దంది. తాళం నా చెవితోనే తీశా."

అందరూ నా వైపు తిరిగారు. లెక్కల మాస్టారు నోరు కూడా కాస్త తెరుచుకుంది. ఏడాది అయింది నేను అక్కడ చేరి, నా గొంతు ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడే తెలిసి ఉంటుంది.

"ఎందుకమ్మా?" అన్నారు హెడ్మాస్టరు గారు. కోపంగా కాదు, అర్థంకాక అడిగారు.

చెప్పాలి. యూపీఎస్ అన్న మాట నాలుక చివర ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆయమ్మ అందుకుంది.

"పిట్ట పడిందండీ లోపల. గాలివానకి. చచ్చిపోద్దని నేనే మేడంగారికి ఫోన్ చేశా. పాపం నందిగామ నించి ఎండన పడొచ్చారు."

హెడ్మాస్టరు గారు నన్ను చూశారు. "పిట్టా?"

"అవునండి" అన్నాను.

"పిట్ట కోసం ఐదుగురి సంతకాలు తడిపారా!" అన్నారు చైర్మన్ గారు. తెలుగు మాస్టారు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుని నవ్వారు.

తలుపు తీసి ఒక్కొక్కటీ సరిచూశారు. పదకొండు మానిటర్లు, పదకొండు సీపీయూలు, కీబోర్డులు, ఎలుకబొమ్మల్లా వరసగా మౌసులు. అన్నీ ఉన్నాయి. గోడ మీద వాన జల్లు మరక, వెంటిలేటర్లో సిమెంటు సంచి, పక్కకు జరిపిన బల్లలు హెడ్మాస్టరు గారు చూశారు. నా రిజిస్టరు తెరిచి ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చదివారు. "యూపీఎస్ ఆపాము" దగ్గర ఆ వేలు కాసేపు ఆగిందని నాకనిపించింది. ఆగలేదేమో కూడా. కరెంటు పెట్టి చూస్తే యూపీఎస్ మామూలుగానే పనిచేసింది.

జరిగింది రాసివ్వమన్నారు. రాయడమే కదా, నాకు చేతనైన పని. "గది లోపల నుంచి ఆగకుండా శబ్దం వస్తున్నందున, గది ఇన్‌చార్జిగా నా బాధ్యత మీద సీలు తీయించి తలుపు తెరిచాను. ఆయాకు ఇందులో ఎలాంటి బాధ్యత లేదు" అని రాశాను. పిట్ట అని రాయలేదు. యూపీఎస్ అనీ రాయలేదు. అందులో ఒక్క అబద్ధం లేదు, కానీ అది నిజమూ కాదు. రెండో వాక్యం మాత్రం మనస్ఫూర్తిగా రాశాను.

చైర్మన్ గారు అది చదివి, "సరే, ఆయమ్మ మీద ఏం లేదు" అని చివరికి ఒప్పుకున్నారు. "కానీ సార్, సీలు సీలే. రేపు ఇంకోడు పిల్లి పడిందంటాడు."

"లోపల వాన పడుతుంటే బయట కాగితాన్ని కాపలా కాయించామండీ మనం" అన్నారు హెడ్మాస్టరు గారు. "ఈవిడ తలుపు తీయకపోతే రెండు సిస్టమ్స్ పోయేవి. వచ్చే సెలవులకు కాగితం వద్దు. నా దగ్గరున్న చెవి ఇవాళ్టి నుంచే ఆయమ్మ దగ్గర ఉంచుదాం. సెలవుల్లో వారానికోసారి తలుపు తీసి, లోపల చూసి, మళ్ళీ వేస్తుంది."

"నాకొద్దండీ బాబూ" అంది ఆయమ్మ.

"వద్దంటే కుదరదు" అన్నారు ఆయన. ఆ మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే ఆయమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. పుస్తకం గురించి ఏమీ అనలేదు. నా గ్లాసులో నీళ్ళు నింపి వెళ్ళిపోయింది.

మరుసటి వేసవి సెలవులకు నేనా బడి వదిలేశాను. నందిగామలోనే ఒక కాలేజీ లైబ్రరీలో, పుస్తకాల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని దొరికింది. ఆఖరి రోజు ముసుగులు వేసి, ప్లగ్గులు తీసి, అన్నిటికన్నా ముందు యూపీఎస్ ఆపి, పని మొత్తం అయ్యాకే రిజిస్టరు రాశాను. ఆయమ్మ తాళం వేసి, చెవిని కొంగుకు ముడి వేసుకుంది. ఏడాదిలో ఆ చెవి ఆమెకు బాగా అలవాటైంది. ఎవరైనా గది తీయమంటే, "ఎందుకు?" అని అడిగేది.

ఆటో వచ్చేదాకా నాతో రోడ్డు మీద నిలబడింది. ఎండకు కొంగు నెత్తిన కప్పుకుంది. నా సంచి లోపల పెట్టి, నేను ఎక్కాక ఆటో రాడ్డు పట్టుకుని లోపలికి వంగింది. ఆ తర్వాత మేము మళ్ళీ కలుసుకోలేదు. ఆమె నాతో అన్న ఆఖరి మాటలు ఇవి.

"కొత్తగా వచ్చే మేడం ఆ మూలనున్న పెట్టె ఆపడం మరిచిపోయినా ఏం బెంగ పెట్టుకోమాకండి. నేనే లోపలికెళ్ళి నొక్కుతా. ఆ రోజు మీరు నొక్కేటప్పుడు చూశాగా."